మూత వెయ్యడం, జవాబు చెప్పడం

అమలాపురంలో పుస్తకాలు, పత్రికలు చదివేవాళ్ల సభ ఇది. అందుకని ఒక పత్రిక కథతోనే మొదలుపెడతాను.

1983 జులైలో ఢిల్లీ నుంచి వెలువడే ‘పేట్రియాట్’ అనే ఇంగ్లీషు పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. రాసిన మనిషి పేరు లేదు. అమెరికాలో పేరుమోసిన శాస్త్రవేత్తనని మాత్రం చెప్పుకున్నాడు. ఎయిడ్స్‌ను అమెరికా సైన్యమే ప్రయోగశాలలో పుట్టించిందని ఆ ఉత్తరం సారాంశం. రెండేళ్లపాటు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1985 అక్టోబరులో మాస్కో పత్రిక ‘లితెరతుర్నాయ గజెతా’ ఆ ఉత్తరాన్నే సాక్ష్యంగా చూపించి పెద్ద వ్యాసం వేసింది. మాట మాస్కోది, ముద్ర మాత్రం ఢిల్లీది. 1987 నాటికి ఆ కథ 80కి పైగా దేశాల్లో, 30కి పైగా భాషల్లో తిరిగింది. ఇది సోవియట్ గూఢచారుల పనేనని 1992లో రష్యా గూఢచారి సంస్థ అధిపతి ప్రిమకోవ్ ఒప్పుకున్నారు.

దీనికి అమెరికా ఏం చేసిందన్నది మనకు ముఖ్యం. ఇలాంటి ప్రచారాల ఆనవాళ్లు పట్టడానికి 1981లోనే ఒక చిన్న బృందాన్ని పెట్టింది. కథ ఎక్కడ మొదలైంది, ఏ పత్రిక దేన్ని చూసి రాసింది అన్నదంతా ఆధారాలతో గుదిగుచ్చి, విదేశాంగ శాఖ పేరుతో బహిరంగంగా అచ్చువేసింది. 1987లో గోర్బచేవ్ ఆ నివేదిక గురించి అమెరికా విదేశాంగ మంత్రి షుల్ట్జ్ దగ్గరే నిష్ఠూరమాడారు. ఆ తర్వాత కొద్ది రోజులకే సోవియట్ శాస్త్రవేత్తలు ఆ ఆరోపణతో తమకు సంబంధం లేదన్నారు.

ఇక మన కాలానికి వద్దాం. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగిన రోజులు మీ అందరికీ గుర్తున్నాయి. గుజరాత్‌లోని హజీరా రేవు మీద దాడి జరిగిందంటూ ఒక వీడియో తిరిగింది. అది 2021 జులైలో జరిగిన చమురు ట్యాంకర్ పేలుడు. బీరూట్‌లో 2020లో జరిగిన పేలుడును మన ఊళ్లమీద పడ్డ క్షిపణిగా చూపించారు. ఏటీఎంలు రెండు మూడు రోజులు మూసేస్తారని ఇంకో కబురు. కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ వీటిని ఒక్కొక్కటిగా ఖండించింది. అన్నిటికన్నా గట్టి జవాబు పంజాబ్‌లోని ఆదంపూర్ వైమానిక స్థావరంలో వచ్చింది. అక్కడి ఎస్-400 గగనతల రక్షణ వ్యవస్థను ధ్వంసం చేశామని పాకిస్తాన్ చెప్పుకుంటే, మే 13న ప్రధాని ఆ స్థావరానికే వెళ్లి, దాన్ని వెనక పెట్టుకుని మాట్లాడారు. ఫొటో చూసినవాడికి వేరే వివరణ అక్కర్లేకపోయింది.

ఇంకోపక్క మూతలూ పడ్డాయి. ఏప్రిల్ 28న కేంద్రం 16 పాకిస్తానీ యూట్యూబ్ చానళ్లను ఆపేసింది. 8,000కు పైగా ఖాతాలను ఆపమని ఆదేశాలొచ్చాయని, చాలావాటి విషయంలో ఏ పోస్టు తప్పో చెప్పనేలేదని మే 8న ఎక్స్ సంస్థ ప్రకటించింది. యుద్ధ సమయంలో కొన్ని ఆపక తప్పదు, కాదనను. కానీ కారణం చెప్పకుండా ఆపితే, నిజం చెప్పేవాడి నోరు కూడా అందులో నొక్కుకుపోయిందేమోనన్న అనుమానం మిగులుతుంది. పైగా కోనసీమలో ఆ మూత నిలవదు. మన రాజోలు, సఖినేటిపల్లి, మలికిపురం వైపు ఇంటికో మనిషి కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఖతర్‌లోనో ఉంటారు. ఇక్కడ ఆపిన వీడియో అక్కడ ఆడుతుంది. అక్కడ గదిలో చూసిన తమ్ముడు దాన్ని కుటుంబం గ్రూపులో పెడతాడు, కింద ‘అక్కా, పిల్లలు జాగ్రత్త’ అని వాయిస్ పెడతాడు. ఆ గొంతులో ఉన్న ప్రేమే ఆ అబద్ధానికి నమ్మకం తెచ్చిపెడుతుంది. తమ్ముడి మాటను ఏ ఢిల్లీ ఆదేశమూ ఆపలేదు.

మూత వేస్తే ఏమవుతుందో మనకన్నా బాగా ఎవరికి తెలుసు? 2022 మే 24న జిల్లా పేరు విషయమై ఈ పట్టణం తగలబడింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాలిపోయాయి. అది విదేశీ కుట్ర కాదు, మన గొడవే. అయినా ప్రభుత్వం తీసిన ఆయుధం అదే. మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. కొన్ని మండలాల్లో అది పది రోజులు దాటింది. ఇంటి దగ్గర పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ కోసం జిల్లా దాటారు. ఫోన్‌పే ఆగింది, గ్రామ సచివాలయం పనులు ఆగాయి. పుకార్లు మాత్రం ఆగలేదు, నోటి మాటగా తిరిగాయి. వాటిని ఖండించాలన్నా ప్రభుత్వానికే దారి లేకపోయింది. ఇంటర్నెట్ ఆపే ఆదేశాలను ప్రచురించి తీరాలని సుప్రీంకోర్టు అనూరాధా భసీన్ కేసులో 2020 జనవరిలోనే చెప్పింది.

అయితే ఏది నిజమో ప్రభుత్వమే తేల్చెయ్యాలా అంటే, దానికీ నేను ఒప్పుకోను. తన పనుల గురించిన వార్తల్లో నిజానిజాలు తానే తేల్చేలా కేంద్రం 2023లో తెచ్చిన నిబంధనను బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టేసింది. అది మంచి తీర్పు. ఇందాక చెప్పిన 2025 మే నెలలోనే కరాచీ రేవును మన నౌకాదళం ధ్వంసం చేసిందని దేశంలోని చానళ్లు రాత్రంతా ఊదరగొట్టాయి. దాడికి సిద్ధంగా ఉన్నాం అని మాత్రమే మే 11న నౌకాదళ అధికారి చెప్పారు. మనకు ఇష్టమైన అబద్ధాన్ని కూడా అంతే చురుగ్గా ఖండించినప్పుడే ప్రభుత్వం మాటకు విలువ.

తైవాన్‌కు చైనా వైపు నుంచి ఈ బెడద రోజూ ఉంటుంది. అక్కడ మంత్రిత్వ శాఖలు పెట్టుకున్న లెక్క ఇది: 20 నిమిషాల్లో, 200 మాటల్లోపు, 2 బొమ్మలతో జవాబు. ఫోన్‌లో ఒకరికొకరు పంపుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఇలా వెంటనే, వివరంగా చెప్పడం మనకూ కొత్తేమీ కాదు. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇవాళ వాతావరణ శాఖ నుంచి హెచ్చరిక వస్తే ఇక్కడివాళ్లు నమ్ముతారు. ఎందుకంటే ఎక్కడ తీరం దాటుతుందో, ఎన్ని గంటలకో చెబుతారు. దిశ మారితే మారిందని కూడా చెబుతారు. నిన్నటి మాట ఇవాళ దిద్దుకున్నందుకు ఆ శాఖ పరువు పోలేదు, పెరిగింది.

కాబట్టి ఈ సభ తరఫున కలెక్టరు గారికి ఒక వినతి పంపుదామని ప్రతిపాదిస్తున్నాను. పుకారు పుట్టిన గంటలోపు తెలుగులో, గొంతుతో రికార్డు చేసిన జవాబు సచివాలయాల ద్వారా ప్రతి ఊరి గ్రూపుకూ చేరాలి. పాత వీడియో అయితే అది ఎక్కడిదో, ఏ ఏడాదిదో అందులో ఉండాలి. చెప్పిన అధికారి పేరుండాలి. తప్పు చెబితే దిద్దుబాటు అదే గ్రూపులో రావాలి. ఇంటర్నెట్ ఆపితే ఆ ఆదేశం తెలుగులో అదే రోజు నోటీసు బోర్డు మీద ఉండాలి. చిత్తుప్రతి నా దగ్గరుంది. గల్ఫ్‌లో మనవాళ్లున్నవారు ముందు మాట్లాడండి. మీరు చెప్పే మార్పులు ఇక్కడే రాసుకుందాం.