గ్లాసుల లెక్కయు, పథ్యముల గోలయు

(మన సంఘ వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమున గావింపబడిన ఉపన్యాసము)



నిన్నటినుండి ఈ పందిట పెద్దలు విద్యను గుఱించియు, వివాహ వ్యయములను గుఱించియు, యువకుల యుద్యోగములను గుఱించియు గంభీరోపన్యాసము లొసంగియున్నారు. భోజనానంతరము గంభీర విషయము నెత్తుకొన్నచో సభ నిద్రించునని మన కార్యదర్శిగారు దూరాలోచన చేసి, ఆహారమును గుఱించియు, నీటిని గుఱించియు జనులలో వ్యాపించిన వింత నమ్మకములను నా వంతుగా పంచిపెట్టిరి. నవ్వింపుమనియు సెలవిచ్చిరి. ప్రయత్నింతును. కాని యీ నవ్వు వెనుక ప్రాణములతో కూడిన విషయమొకటి గలదని మొదటనే మనవి చేయుచున్నాను.

మన పూర్వులు దాహమైనప్పుడు కుండలోని నీరు ముంచుకొని త్రాగిరి. దాహము తీరగానే ముంత బోర్లించిరి. నేడు నీరు త్రాగుట గణితశాస్త్రములో చేరినది. దినమునకు ఎనిమిది గ్లాసులని కొందఱు, నాలుగు లీటర్లని కొందఱు, పరగడుపున లీటరున్నర యని మఱికొందఱు బోధించుచున్నారు. సెల్ ఫోను గంట కొట్టినచో ఒక గ్లాసు! దాహమైనదా యని గొంతు నడుగుట మాని ఫోను నడుగు కాలము వచ్చినది. ఎనిమిదింటిలో ఆఱే పూర్తియైనవని రాత్రి పది గంటలకు జ్ఞాపకము వచ్చి, మిగిలిన రెండింటిని అప్పు తీర్చినట్లు త్రాగి, ఆపైన తెల్లవాఱులు పడకకును పెరటికిని నడుమ తిరుగుచు వడ్డీ చెల్లించు పుణ్యాత్ములను మీ రెఱుగుదురు.

ఈ ఎనిమిది గ్లాసుల శాసనము ఏ ఋషి చేసినది? వెదకి చూచిన పెద్దలు తఱచు 1945వ సంవత్సరము దాక పోవుదురు. అమెరికా దేశమున జాతీయ పరిశోధన మండలికి చెందిన ఆహార పోషణ సంఘమువారు ఆ యేట, పెద్దవారికి సామాన్యముగా దినమునకు రెండున్నర లీటర్ల నీరు తగునని వ్రాసిరి. ఆ ప్రక్కనే, ఈ నీటిలో అధిక భాగము మనము వండుకొని తిను ఆహారములోనే యున్నదనియు వ్రాసిరి. లోకము మొదటి మాట పట్టుకొన్నది. రెండవ మాట విడిచిపెట్టినది. శుభలేఖలో ముహూర్తము చదివి, ఊరి పేరు చదువక బయలుదేరిన బంధువువంటిది మన స్థితి! 2002లో హైంజ్ వాల్టిన్ అను అమెరికా వైద్యాచార్యుడు ఈ నియమమునకు ఆధారమేమని గ్రంథములన్నియు గాలించి, ఆరోగ్యవంతులగు సామాన్య జనులకు ఎనిమిది గ్లాసులు తప్పనిసరి యనుటకు శాస్త్రీయమగు నిదర్శనము కానరాలేదని ప్రకటించెను.

2022లో ప్రకటితమైన మఱియొక పరిశోధనలో, 23 దేశములకు చెందిన 5,604 మంది దేహములలో దినమునకు ఎంత నీరు వచ్చిపోవుచున్నదో కొలిచి చూచిరి. ఎనిమిది దినముల పసికందు మొదలుకొని 96 ఏండ్ల వృద్ధుల వఱకు అందులో నుండిరి. తేలినదేమి? వయస్సు, దేహ పరిమాణము, శ్రమ, ఎండ, ఉక్క, గర్భము - వీనినిబట్టి నీటి యవసరము మాఱుచుండును. రెంటచింతల యెండలో మిరపచేను కాయు కూలివానికిని, చల్లని గదిలో కుర్చీకి అంటుకొని యుండు గుమాస్తాకును ఒకే గ్లాసుల లెక్క చెప్పుట, ఇరువురికిని ఒకే కొలత చొక్కా కుట్టించుటయే. రెండు లీటర్లని వైద్యులు చెప్పుమాట దారిప్రక్కని మైలురాయివంటిది. దానిని కౌగిలించుకొని కూర్చుండ నక్కఱలేదు.

మఱియు నీరనగా గ్లాసులోనిది మాత్రమే కాదు. ఉడికిన అన్నములో మూడింట రెండు పాళ్ళు నీరే. మజ్జిగలో నూటికి తొంబదికి పైగా నీరు. దోసకాయ, పుచ్చకాయ, సొరకాయ - ఇవన్నియు తొక్క కట్టుకొన్న నీటి కుండలు. చారన్నమును, మజ్జిగన్నమును తిని లేచిన తెలుగువాడు "నేడు నీరు చాలలేదు" అని విచారించుట, గోదావరిలో మునిగి లేచి తల తడిసినదా యని అడుగుటవంటిది. కాఫీ, టీలు త్రాగిన దేహములోని నీ రింకిపోవునను మాటయు అంతే. 2014లో ఏబదిమంది పురుషులకు దినమునకు నాలుగు కప్పుల కాఫీ యిచ్చి పరీక్షింపగా, నీరు త్రాగినప్పటికిని కాఫీ త్రాగినప్పటికిని దేహములోని నీటి స్థితిలో చెప్పుకోదగిన భేదము కానరాలేదు. కాఫీ ప్రియులు కరతాళధ్వనులు చేయవచ్చును. ఐదవ కప్పునకు నేను పూచీ కాను.

ఈ లెక్కలన్నియు మనకన్న బాగుగా వ్రాయు కరణము మన దేహములోనే యున్నాడు. రక్తములోని లవణముల గాఢత నూటికి ఒకటి రెండు పాళ్ళు పెరుగగానే మెదడు కనిపెట్టును, దాహము పుట్టించును, వేసోప్రెసిన్ అను హార్మోనును విడిచి మూత్రపిండములను నీరు పొదుపు చేయుమని ఆజ్ఞాపించును. నీరు అధికమైనచో ఆ యాజ్ఞ నుపసంహరించును. కావున ఆరోగ్యవంతునకు దాహమును, మూత్రపు రంగును చాలినంత సాక్ష్యములు. మూత్రము లేత పసుపుగా నున్న మేలు; ముదురు పసుపైనచో నీరు త్రాగవలెను. కాని వృద్ధులకు దాహము మందగించును. పసిపిల్లలు నోటితో అడుగలేరు. ఎండలో పనిచేయువారికి దాహమయ్యు వఱకు ఆగుట మంచిది కాదు. ఈ మువ్వురికిని అడుగకుండ నీరందించుట మన ధర్మము. గుండె జబ్బును, మూత్రపిండముల జబ్బును గలవారు మాత్రము తమ వైద్యుడు చెప్పిన కొలతనే పాటింపవలెను.

అధిక మైనచో నేమి, నీరే కదా యందురు. 2002లో బోస్టను నగరపు దూరపు పరుగులో పాల్గొన్న 488 మంది రక్తమును పరీక్షింపగా, నూటికి 13 మందికి సోడియము తగ్గియుండెను. అందు ముఖ్య కారణము దారి పొడుగున అవసరమును మించి త్రాగుటయే. 2007లో కాలిఫోర్నియాలోని సాక్రమెంటోలో ఒక రేడియో కేంద్రమువారు, మూత్రమునకు పోకుండ ఎవరెక్కువ నీరు త్రాగుదురో యని పందెము పెట్టిరి. పాల్గొన్న స్త్రీ యొకతె ఆ దినముననే మరణించెను. ఆమె ముగ్గురు బిడ్డల తల్లి. మూత్రపిండములు గంటకు సుమారు ఒక లీటరుకు మించి బయటికి పంపజాలవు; మిగిలిన నీరు రక్తమును పలుచన చేసి మెదడును వాపునకు గుఱి చేయును. పందెములలో నీరు త్రాగు యువకులు ఈ మాట మఱువరాదు.

ఇక నిలువబడి త్రాగిన నీరు మోకాళ్ళలోనికి దిగునను మాట! గొంతు దిగిన నీరు ఉదరమునకు పోయి ప్రేగులనుండి రక్తములో కలియును. అచ్చటనుండి మోకాళ్ళకు ప్రత్యేకమగు కాలువ ఏ ఇంజనీరును త్రవ్వలేదు. కూర్చుండి నెమ్మదిగా త్రాగుట మర్యాద, అంతవఱకే. నిమ్మరసము తేనెతో కలిపి త్రాగిన క్రొవ్వు కరగునందురు. కరగు శక్తి నిమ్మకాయకే యున్నచో, దినమున కొక కాయ చొప్పున నంజుకొను మన ఊరగాయల దేశములో లావుపాటివారు కనబడకూడదు గదా!

రంగును బట్టి వైద్యము చేయుట మనలో నొక గొప్ప శాస్త్రము. పప్పు పసుపు, చీమును పసుపు. కావున గాయమైనవానికి పప్పు పెట్టరాదట! ఈ న్యాయము నిజమైనచో ఆవకాయ తిన్నవానికి రక్తము పొంగి పొరలవలెను. గాయము మానుటకు మాంసకృత్తులు కావలెను. శాకాహారికి అవి పప్పులోనే దొరకును. శస్త్రచికిత్స యైన రోగికి నెలదినములు పప్పు మానిపించి, పుండు మానలేదని వైద్యుని తిట్టుట న్యాయము కాదు. గర్భిణి కుంకుమపువ్వు పాలు త్రాగిన బిడ్డ తెల్లగా పుట్టునందురు. ఇనుపధాతువు మాత్రలు మ్రింగిన నల్లగా పుట్టునందురు. బిడ్డ రంగు తల్లిదండ్రుల వంశములనుండి వచ్చునది. అంగడినుండి వచ్చునది కాదు. మొదటి నమ్మకము వలన నష్టము డబ్బు మాత్రమే. రెండవదాని వలన నష్టము తల్లి రక్తము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదు. మాత్రల నిచ్చి ఇంటికి పంపగా, అత్తగారు వానిని గూటిలో దాచిపెట్టుట నవ్వదగిన విషయమా?

సోదరీ సోదరులారా! ఇప్పుడు నవ్వు కొంచెము ప్రక్కకు పెట్టుదము. ఒక వంక ఆరోగ్యవంతుడు అక్కఱలేని నీటిని లెక్కపెట్టి త్రాగుచుండ, మఱియొక వంక నిజముగా నీరు కావలసినవారికి మనమే కుండమీద మూత పెట్టుచున్నాము.

మొదట బాలింత. నీరు త్రాగిన పొట్ట పెరుగునని, ఒళ్ళు నీరు పట్టునని, పురిటి మంచమున నున్న తల్లికి గుక్కెడు గుక్కెడుగా కొలిచి పోయు కుటుంబము లింకను మన యూళ్ళలో గలవు. తల్లిపాలలో నూటికి 87 పాళ్ళు నీరే. దినమునకు ముప్పాతిక లీటరు పాలిచ్చు తల్లికి ఆ నీ రెచ్చటనుండి రావలెను? ఆవునకు కుడితి తొట్టి నిండుగా పెట్టి పాలు పిండుకొందుము. కోడలికి మాత్రము నీరు దాచుదుము! మన యింటి యాడుబిడ్డకు ఆవుపాటి గౌరవమైన దక్కవలదా?

రెండవది విరేచనములు పట్టిన బిడ్డ. "నీరు పోసినకొలది నీరుగా పోవును, కడుపు ఎండగట్టుము" అను మాట యెన్ని పసిప్రాణములను బలిగొన్నదో చెప్పజాలము. లంఖణము పరమౌషధమను సామెత పెద్దవాని అజీర్తికి సరిపోవచ్చును గాని, వాడిపోవుచున్న బిడ్డకు అది మృత్యువు. 1971లో తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకుల శిబిరములో, బనగావ్ వద్ద కలరా చెలరేగినది. సిరలలో ఎక్కించు ద్రవము నిండుకొనగా డాక్టరు దిలీప్ మహాలనబీస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి, రోగుల బంధువుల చేతనే త్రాగింపజేసిరి. నూటికి ముప్పదివఱకు నుండిన మరణములు నాలుగుకంటె తక్కువకు దిగినవి. గ్లూకోజుతో కలిసినప్పుడు లవణమును, దానివెంట నీటిని ప్రేగులు పీల్చుకొనును. ఇదియే అందలి రహస్యము. ఆ మహనీయుడు 2022లో కీర్తిశేషుడయ్యెను. మఱుసటి యేడు ప్రభుత్వము పద్మవిభూషణముతో ఆయన స్మృతిని గౌరవించినది. ఆ పొట్లమే నేడు ఓ.ఆర్.యస్. అనుపేర దొరకుచున్నది. పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆఱు టీచెంచాల చక్కెరయు, అర టీచెంచా ఉప్పును - చెంచాలు సమముగా గీసి - కలిపి కొంచెము కొంచెముగా పట్టవలెను. ఉప్పు హెచ్చింపరాదు. తల్లిపాలు మానరాదు.

మూడవది మన బాలికలు. మరుగుదొడ్డి లేకపోవుటచేత గాని, ఉన్నను శుభ్రముగా లేకపోవుటచేత గాని, ఉదయమునుండి సాయంకాలము వఱకు నీరు ముట్టక బడులలో కూర్చుండు బాలికలు గలరు. ప్రయాణములలో మన స్త్రీలందఱును ఎఱిగిన బాధయే ఇది. వారికి ఎనిమిది గ్లాసుల మహిమ బోధించుట ఎందులకు? తలుపునకు గడియ గల దొడ్డి యొకటి కట్టించిన, వారే త్రాగుదురు.

నీటి కొలతకన్న నీటి గుణము ముఖ్యము. 1937లోనే నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో నీటియందలి ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసి వంగిపోయిన రోగులను వైద్యులు వర్ణించిరి; 1955లో నల్లగొండ జిల్లాను గుఱించి అట్టి వర్ణనమే వెలువడినది. లీటరునకు ఒక మిల్లీగ్రాము మేలనియు, వేఱు నీరు లేనప్పుడు ఒకటిన్నరకు మించరాదనియు మన ప్రమాణము. అట్టి గ్రామమున బావినీటిని ఎన్ని గ్లాసులు త్రాగినను మేలు కలుగదు సరిగదా, గ్లాసుతోపాటు కీడును పెరుగును.

కావున నీ మహాసభవారికి నా విన్నపములు నాలుగు. 2015 వేసవిలో వడగాలికి దేశమున రెండువేలకు మించి ప్రాణములు పోయినవి. అందెక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణములవారే. అది మనసున నుంచుకొని, ఏటేట చైత్రమునుండి మన శాఖా సంఘములు చలివేంద్రములు పెట్టవలెను, కుల భేదము లేక దారినపోవు ప్రతివానికి నీరీయవలెను, అచ్చట ఓ.ఆర్.యస్. పొట్లములు నుంచవలెను. రెండవది, మన బాలికల వసతి గృహమునందు పోషకులు ముందుగా మరుగుదొడ్లను బాగుచేయింపవలెను. శిలాఫలకము కావలెనన్న దానిపై వేయించుకొన్నను అభ్యంతరము లేదు. మూడవది, శాఖా సంఘములవారు తమ గ్రామపు త్రాగునీటిని ఏటికొకసారి పరీక్ష చేయింపవలెను. నాలుగవది ఖర్చులేనిది: మన యిండ్లలో బాలింతకును, గర్భిణికిని, గాయపడినవానికిని పెట్టు పథ్యమును గుఱించి పొరుగింటివారిని గాక వైద్యుని అడుగవలెను.

పెద్దల మాటలన్నియు వ్యర్థములని నేననలేదు. కుండనీరు, మజ్జిగతేట, గంజి, అంబలి - ఇవన్నియు పెద్దలిచ్చినవే. నిలిచిన మాటను నిలుపుకొందము. నిలువని మాటను నవ్వి విడిచిపెట్టుదము. నవ్వి విడుచుటలో పెద్దలకు అవమానము లేదు; విడువక బిడ్డను పోగొట్టుకొనుటలో మాత్రము మనకు క్షమాపణ లేదు.

 పందిటి వెనుక మజ్జిగ సిద్ధముగా నున్నదని కార్యదర్శిగారు సంజ్ఞ చేయుచున్నారు. దాహమైనవారు త్రాగుడు. లెక్క పెట్టకుడు.