పండగ తగ్గింపు దేనిమీద?

దసరా, దీపావళి అమ్మకాల్లో టీవీ మీద ‘60 శాతం తగ్గింపు’ అని కనిపిస్తే, ఆ శాతం దేనిమీద లెక్కగట్టారో ముందు చూడాలి. సాధారణంగా అది పెట్టె మీద అచ్చువేసిన ఎమ్మార్పీ. ఆ అంకె వేసేది తయారీ సంస్థే. మామూలు రోజుల్లోనూ ఎలక్ట్రానిక్ సరుకు చాలావరకు అంతకన్నా తక్కువకే అమ్ముడవుతుంది. కిందటి నెల అదే మోడల్ ఎంతకు దొరికిందన్నదే అసలు కొలత.

అలాగని పండగ బేరాలన్నీ బూటకమా అంటే, కాదు. కొత్త మోడళ్లకు చోటు కోసం పాత సరుకు వదిలించుకునేటప్పుడు ధర నిజంగానే దిగుతుంది. పాతదైతే ఏం పోయిందనేవాళ్లూ ఉన్నారు. టీవీకి పెద్దగా పోయేదేమీ లేదు గానీ, ఏసీ, ఫ్రిజ్ సంగతి వేరు. స్టార్ రేటింగ్ ప్రమాణాలను అప్పుడప్పుడూ బిగిస్తుంటారు కాబట్టి పాత ఐదు స్టార్లు, కొత్త ఐదు స్టార్లు ఒకటి కాకపోవచ్చు. స్టార్లను అలా ఉంచి, ఆ లేబుల్ మీదే ఉండే ఏడాది కరెంటు యూనిట్ల అంకె చదవండి. ఇక వడ్డీలేని వాయిదాలంటారా, సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. క్రెడిట్ కార్డు వాయిదాల్లో వడ్డీని తగ్గింపుగా సర్దినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఉంటే ప్రాసెసింగ్ ఫీజు మన నెత్తినే పడతాయి. ఒక్కసారే కట్టేస్తే ఎంతకిస్తారో అడిగి, వాయిదాల మొత్తం పక్కన పెట్టి చూడండి.