పాటకు పీట వేయుదము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



సంస్కృతము చదివి, పాఠములు చెప్పి ముదిసిన నేను జానపదుల పాటను గూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోపవచ్చును. కాని మార్గము, దేశి యను రెండును సరస్వతికి రెండు కన్నులు. చాళుక్యరాజులు తెలుగున దేశికవితను నిలిపిరని నన్నెచోడుడే చెప్పియున్నాడు.

పాలమూరు సీమయందు గౌరారమను పల్లెలో జన్మించిన గోరటి వెంకన్నగారు తాము కట్టిన పాటను తామే గొంతెత్తి పాడుదురు. కమ్మరి, కుమ్మరి, సాలె మొదలగు వృత్తులవారి బ్రతుకు ప్రపంచవిపణి తాకిడికి చితికిపోవుటను గూర్చి వారు కట్టిన పాట, 2002లో ‘కుబుసం’ చలనచిత్రమున చేరి తెలుగునాట నెల్లెడల మార్మ్రోగెను. 2020లో వారు తెలంగాణ శాసనమండలికి నియమితులైరి. వారి ‘వల్లంకి తాళం’ 2021వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును పొందెను. పాటయు కావ్యమే యని విద్వత్సభ యంగీకరించినది.

అయినను పురస్కారము కడపటి మెట్టు. తొలిమెట్టు ఊరిలోని శ్రోతలే. మన పల్లెలలో నాట్లవేళ పాటలు కట్టిన అవ్వల పేరులు వ్రాసికొన్నవా రెవరు? వారితోడనే ఆ పాటలును మాసిపోవుచున్నవి.

మన సంఘము మార్కులు చూచియే విద్యార్థివేతనము లిచ్చుచున్నది. ఇకమీదట అందొకటి పాట కట్టు బాలునకో బాలికకో ఈయవలెననియు, ప్రతి గ్రామశాఖయు వృద్ధుల పాటలను వారి పేరులతో వ్రాయించి భద్రపఱుపవలెననియు నా విన్నపము. పోషకులు ఈ భారమును వహింతురని నమ్మి సెలవు గైకొనుచున్నాను.