సంతకం పెట్టేముందు అడగవలసిన మాటలు
(కంబదూరులో పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల నుద్దేశించి సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ ప్రాంతంలో వాన తప్పితే శెనక్కాయ పోతుంది. శెనక్కాయ పోయిన యేడు ఇంట్లో కనిపించే రొక్కం పాలబిల్లే. ఆ బిల్లు ఇచ్చే సంస్థ ఏ చట్టం కింద పుట్టింది, అందులో మీ స్థానమేమిటి అన్నది చదువుకొన్నవారి వ్యవహారమని వదిలివేయరాదు. 2020లో కేంద్ర ప్రభుత్వం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం పెట్టినప్పటి నుండి "కంపెనీ పెడుతున్నాము, వాటా తీసుకోండి" అనే మాట పల్లెలదాకా వచ్చింది. చేరమని గాని, వద్దని గాని మేము చెప్పము. అడగవలసినవి మాత్రం చెబుతాము.

నలుగురు కలిసి రిజిస్టరు చేయకుండా పాలు పోగుచేసి అమ్మి లాభం పంచుకొంటే చట్టం దానిని భాగస్వామ్యంగా చూస్తుంది. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం వ్యాపారపు అప్పు మొత్తానికి ప్రతి భాగస్వామీ తన సొంత ఆస్తితో పూచీ పడాలి. ఒకడు ఊరు విడిచిపోతే మిగిలినవాని చేను, గేదెలు కూడా అప్పులవాడికి చిక్కుతాయి.

రిజిస్టరైన సంస్థ సంగతి వేరు. చట్టం దృష్టిలో అది మీకంటే వేరైన ఒక వ్యక్తి. తన పేరున స్థలం కొంటుంది, పాలు చల్లబరిచే యంత్రం కొంటుంది, దావా వేస్తుంది. అధ్యక్షుడు కాలం చేసినా అది బ్రతికే ఉంటుంది. లండన్‌లో సాలమన్ అనే బూట్ల వ్యాపారి తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. 20,007 వాటాలలో 20,001 అతనివే; భార్యకు, కూతురికి, నలుగురు కొడుకులకు ఒక్కొక్కటి. కంపెనీ మునిగినప్పుడు అప్పులు అతని నెత్తిన వేయాలని చూశారు. కంపెనీ వేరు, సాలమన్ వేరు అని 1896లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. పరిమిత బాధ్యత గల సంఘంలో మీకు పోయేది మీ వాటా వరకే అనడానికి మూలం ఈ సూత్రమే.

ఇదే సూత్రం రెండోవైపు కూడా కోస్తుంది. సంఘం డబ్బు అధ్యక్షునిది కాదు, కార్యదర్శిది కాదు. బ్యాంకు ఖాతా సంఘం పేరున లేకపోతే ఆ రోజే అడగండి. ఆడిట్ వచ్చేదాకా ఆగనక్కరలేదు.

ఇక పెత్తనం ఎవరిది? మామూలు కంపెనీలో సాధారణంగా ఓటు వాటానుబట్టి. నూరు వాటాలవానికి నూరు ఓట్లు, ఒక్క గేదె ఉన్న వితంతువుకు ఒక్కటి. సహకార సంఘంలో ఇద్దరికీ ఒక్కొక్క ఓటే. బోనసు పోసిన పాలనుబట్టి. 2002లో కంపెనీల చట్టంలోనే ఉత్పత్తిదారుల కంపెనీ అనే రకాన్ని చేర్చారు. పదిమంది ఉత్పత్తిదారులుంటే చాలు. వ్యక్తులే సభ్యులైనచోట మనిషికొక ఓటు. వాటాను బయటివారికి అమ్మరాదు. గుర్తు చాలా సులభం. దాని పేరు చివర "ప్రొడ్యూసర్ కంపెనీ లిమిటెడ్" అని ఉండి తీరాలి. ఉత్త "ప్రైవేట్ లిమిటెడ్" అని ఉంటే, కరపత్రంలో రైతుల కంపెనీ అని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా, ఈ రక్షణలు చట్టం మీకు ఇచ్చినట్లు కాదు.

మన రాష్ట్రం ఈ రూపాలన్నీ చూసింది. 1974లో ప్రభుత్వం డెయిరీ అభివృద్ధి కార్పొరేషన్ పెట్టింది. 1981లో సమాఖ్య ఏర్పడింది. 1964 చట్టం కింద రిజిస్ట్రారు అధికారం ఎక్కువ. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టంలో ప్రభుత్వ వాటా ఉండదు, జోక్యమూ తక్కువ. ములుకనూరు మహిళల డెయిరీ ఆ చట్టం కిందనే 2000లో పాల వ్యాపారం మొదలుపెట్టి నిలిచింది. తిరుపతి కేంద్రంగా 2014లో ఏర్పడిన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ సభ్యులందరూ స్త్రీలే. కంపెనీ అయితే మా బోటి సహకార ఇన్‌స్పెక్టరు వచ్చి పుస్తకాలు అడగడు. కొందరికి అది సంతోషమే! కాని అప్పుడు లెక్క అడిగే పని సభ్యులదే అవుతుంది.

రూపం మార్చడమూ చిన్న పని కాదు. 2013లో కంపెనీగా మారిన సంగం డెయిరీని తన ఆధీనంలోకి తీసుకొంటూ 2021లో ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వగా, హైకోర్టు దానిని నిలిపివేసింది. స్థలము, యంత్రాలు ఎవరి పేరున ఉన్నవో మార్పుకు ముందే కాగితం మీద తేల్చుకోవాలి.

కనుక ఉపవిధుల తెలుగు ప్రతి అడిగి తీసుకొనండి. ఓటు ఎవరికి, మిగులు ఎట్లా పంచుతారు, మానుకొంటే వాటా డబ్బు ఎట్లా తిరిగి వస్తుంది అనే మూడు చోట్లా వేలు పెట్టి చదివించుకొనండి. చదువురానివారు మహాజన సభలో పెద్దగా చదివి వినిపించమని కోరవచ్చు. ఆ తరువాతనే సంతకమైనా, వేలిముద్రయినా.