గ్రాంటు ఆగిపోయినా ఆగకూడని పని

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



ఇందాక జమాఖర్చులు చదివినప్పుడు ఒక పద్దు దగ్గర మీలో కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తిరిగి చెల్లించిన గ్రాంటు 18,600 రూపాయలు" అన్న పద్దు అది. దాని గురించే నాలుగు మాటలు చెప్పాలని నిలబడ్డాం. దాస్తే దాగేదీ కాదు, దాచాల్సిందీ కాదు.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. మన దగ్గరికి వచ్చే డబ్బంతా ఒక రకం కాదు. బ్యాంకు లింకేజీ అప్పు, స్త్రీనిధి అప్పు, వడ్డీతో కట్టాలి. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ 2011లో మొదలయ్యాక దాని కింద వచ్చే రివాల్వింగ్ ఫండ్ సంఘానికి గ్రాంటు. మొదట్లో సంఘానికి 10 నుంచి 15 వేలు ఇచ్చేవాళ్లు, తర్వాత 20 నుంచి 30 వేలకు పెంచారు. సి.ఐ.ఎఫ్. సమాఖ్యకు గ్రాంటుగా వస్తుంది, మన సంఘాల మధ్య అప్పుగా తిరుగుతుంది. ఇవన్నీ గేదె కొనుక్కోవడానికి, మిషను పెట్టుకోవడానికి, చేలో పెట్టుబడికి పనికొచ్చేవి.

మూడేళ్ల కిందట మనకు ఇంకో రకం డబ్బు వచ్చింది. ఆడవాళ్ల హక్కుల మీద పని చేయడానికని ఒక దాతృత్వ సంస్థ ఇచ్చిన గ్రాంటు. ఒంటరి మహిళల పింఛన్లు, పదిహేను రోజుల్లో పడాల్సి ఉండి నెలలు దాటినా పడని ఉపాధి హామీ కూలి, బాల్యవివాహాలు, ఇంట్లో దెబ్బలు. వీటి కోసమే మన సామాజిక కార్యాచరణ కమిటీ ఏర్పడింది. ఆ గ్రాంటు వచ్చే మార్చి 31తో అయిపోతుంది.

ఆ గ్రాంటులో దేనికి డబ్బుందో వినండి. శిక్షణకు ఉంది. శిక్షణలో భోజనానికి, బ్యానరుకు, పోస్టర్లకు, ఫొటోలకు, రిపోర్టుకు ఉంది. అర్ధరాత్రి ఆటోకు లేదు. ఆసుపత్రిలో పక్కన కూర్చునే మనిషి అన్నానికి లేదు. కోర్టు వాయిదాకు తోడెళ్లిన కమిటీ మెంబరు పోగొట్టుకున్న కూలికీ లేదు. సంతకం పెట్టేటప్పుడు మాకు అది తట్టలేదు. డబ్బు వస్తోందన్న సంతోషంలో పద్దులు ఒక్కొక్కటీ చదువుకోలేదు.

తర్వాత ఒక రాత్రి పదకొండింటప్పుడు మన సభ్యురాలొకామె చెయ్యి విరిగి, చిన్నబిడ్డను చంకనేసుకుని కమిటీ మెంబరు ఇంటి తలుపు కొట్టింది. పేరూ ఊరూ చెప్పం, మీరూ అడగొద్దు. అప్పటికప్పుడు ఇద్దరు మెంబర్లు ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు. తెల్లారి పోలీస్ స్టేషను, తర్వాత రక్షణ అధికారి ఆఫీసు, తర్వాత కోర్టు. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోసం పిటిషను వేశాం. వకీలుకు ఖర్చు కాలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. ఈ ముక్క ఇంటికెళ్లి పది మందికి చెప్పండి. అయితే వకీలు ఉచితమైనా ఆయన దగ్గరికి పోయి రావడం ఉచితం కాదు. ఏడు నెలల్లో ఈ కేసుకూ ఇంకో రెండు కేసులకూ కలిపి 18,600 అయింది.

ఆ ఖర్చు ఎక్కడ రాయాలో తెలియక శిక్షణ భోజనాల కింద రాశాం. తిన్నవాళ్ల పేర్ల జాబితా తయారు చేశాం. తప్పు మాదే. ఒక్క రూపాయి ఎవరి ఇంటికీ పోలేదు, కానీ కాగితం మీద అబద్ధం రాశాం. ఆడిటరు వచ్చి జాబితా తిరగేస్తే, ఆ నెలంతా హైదరాబాదులో కూలి పనిలో ఉన్న అక్క ఇక్కడ భోజనం చేసినట్టు సంతకం ఉంది! ఇక చెప్పేదేముంది? ఉన్నదున్నట్టు ఒప్పుకుని ఉత్తరం రాశాం. ముప్పై రోజుల్లో తిరిగి కట్టమన్నారు. ఆఫీసు బేరర్లం ఐదుగురం 3,720 చొప్పున వేసుకుని కట్టాం. అందులో ఒకామె చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. సమాఖ్య సొమ్ము పైసా తీయలేదు. అందుకే జమ వైపు కూడా అంతే మొత్తం మీకు కనిపిస్తుంది.

ఇది విని "ఇంక ఆ గొడవలెందుకు, పొదుపు చేసుకుందాం, అప్పులు కట్టుకుందాం" అన్నవాళ్లు మన ఈ.సి. లోనే ఉన్నారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ రాత్రి తలుపు తీయకపోయుంటే ఏమయ్యేదో కూడా ఆలోచించాలి. ఆమె ఇప్పుడు పుట్టింట్లో ఉంది. రక్షణ ఉత్తర్వు వచ్చింది. మనోవర్తి కేసు ఇంకా నడుస్తోంది. పొదుపు మాత్రం ఒక్క నెల తప్పలేదు.

గ్రాంటు ఎందుకిలా బిగించి వస్తుందని మేము తిరిగి తెలుసుకున్నాం. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. కానీ వాళ్లకు లెక్క చూపించగలిగే పని కావాలి. ఇన్ని కుట్టుమిషన్లు, ఇన్ని మరుగుదొడ్లు అని ఫొటో తీయొచ్చు. ఒక బాల్యవివాహం ఆగితే దేన్ని ఫొటో తీస్తారు? జరగని పెళ్లికి పందిరి ఉండదు గదా. ఇక విదేశీ విరాళాలు. 2010 చట్టానికి 2020లో సవరణ వచ్చింది. విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు పంచి ఇవ్వకూడదు. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థ తీసుకుని మనలాంటి చిన్న సంఘం చేతిలో పెట్టే దారి అలా మూసుకుంది. ఇచ్చేవాళ్లను తిట్టడానికి చెప్పడం లేదు. వాళ్ల డబ్బుకు వాళ్ల నిబంధనలుంటాయి, మన పనికి మన అవసరాలుంటాయి. రెండూ ఎప్పుడూ కలవవు.

మరి గ్రాంటు లేకుండా పని జరగదా? నెల్లూరు జిల్లా దూబగుంట మన పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చదువుకోవడానికి రాత్రి బడికి పోయిన ఆడవాళ్లే సారా దుకాణం మూయించారు. ఎవరు గ్రాంటిచ్చారు వాళ్లకు? ఆ ఉద్యమం 1992లో జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు, అది వేరే బాధ. కానీ సారాకు పోయే డబ్బు మిగుల్చుకుని పొదుపు చేయడం ఆ జిల్లాలో అప్పుడే ఊపందుకుంది. ఇవాళ మనం కూర్చున్న ఈ సభకు ఆ ఆడవాళ్ల బాకీ ఉంది.

గుజరాత్‌లో సేవా సంఘం వాళ్లు 1974లో బ్యాంకు పెట్టుకున్నారు. కూరగాయలు అమ్ముకునేవాళ్లు, బరువులు మోసేవాళ్లు 4,000 మంది తలా పది రూపాయల వాటా వేశారు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు పని లెక్కలు చూపించమని 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ధాన్యం ఇచ్చి, బజారు జనం తోచింది ఇచ్చి నడిపించారు. అక్కడ మొదలైన అడుగుడే 2005లో సమాచార హక్కు చట్టం దాకా వచ్చింది. ఆ చట్టం పెట్టుకునే మనం మన మండలంలో ఆగిపోయిన పింఛన్ల జాబితా బయటికి తీయించాం.

గ్రాంటే వద్దని మేము అనడం లేదు. ఈ మూడేళ్ల గ్రాంటుతోనే మన కమిటీ అర్జీ రాయడం నేర్చుకుంది, చట్టాల పేర్లు నేర్చుకుంది. వేరే సంస్థ వాళ్లు మొన్న మాట్లాడ్డానికి వచ్చినప్పుడు ఒకటే అడిగాం: "ఎక్కువ ఇవ్వకపోయినా పర్లేదు, అవసరానికి వాడుకునేలా ఇవ్వండి. ప్రయాణం, కూలి నష్టం అన్న పద్దులు ముందే రాయండి." ఆలోచిస్తామన్నారు. ఒప్పుకోకపోతే ఆ పని వరకు వాళ్ల డబ్బు తీసుకోం.

ఇప్పుడు మా ప్రతిపాదన. మనం 4,300 మంది సభ్యులం. నెలకు తలా రెండు రూపాయలు వేస్తే 8,600 అవుతుంది, ఏడాదికి 1,03,200. పోయిన ఏడాది కమిటీ 31 సమస్యల్లో తిరిగితే ఖర్చు 74,000 అయింది. అంటే తలుపు తట్టినవాళ్లకు తలుపు తీయడానికి ఎవరి గ్రాంటూ అక్కర్లేదు. దీనికి "తోడు నిధి" అని పేరు పెట్టాం. పుస్తకం వేరే, బ్యాంకు ఖాతా వేరే, ఇద్దరి సంతకాలు. ఖర్చయిన రోజే ఓచరు రాయాలి, ఉన్నది ఉన్నట్టు రాయాలి. ప్రతి నెలా గ్రామైక్య సంఘం మీటింగులో చదవాలి. కేసు పెట్టినామె పేరు మాత్రం ఎక్కడా ఉండదు, నంబరే ఉంటుంది.

"ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితం గదా" అన్నారు ఒక అక్క. నిజమే, చాలా కలిసొచ్చింది. కానీ రాత్రి పదకొండింటికి బస్సు రాదు, ఆటోనే రావాలి. "మనల్ని కాపాడాల్సింది ప్రభుత్వం, మన రెండు రూపాయలెందుకు" అన్నారు ఒక పెద్దమ్మ. అదీ నిజమే. ఆ బాధ్యత వాళ్లదేనని అడగడానికి పోయేది మనం. అడగబోయే వాళ్ల దారి ఖర్చు అడిగించుకునేవాళ్లు పెట్టరమ్మా.

రెండు రూపాయలు కూడా కష్టమయ్యే ఇళ్లున్నాయని మాకు తెలుసు. వాళ్ల దగ్గర తీసుకోం, కానీ వాళ్లకు కష్టమొస్తే నిధి ఆగదు. ఇది కూడా తీర్మానంలో రాశాం.

తీర్మానం మినిట్స్ పుస్తకంలో సిద్ధంగా ఉంది. చప్పట్లు వద్దు. ఊరికి వెళ్లి మీ సంఘంలో మాట్లాడి, ఇష్టమైతేనే వేలిముద్రో సంతకమో చేసి, వచ్చే నెల పదో తారీఖులోగా పంపండి. 18,600 పద్దు మీద ఇంకా అనుమానం ఉన్నవాళ్లు భోజనాలయ్యాక రండి. ఓచర్లు, ఆడిటరు ఉత్తరం, మేము రాసిన ఒప్పుకోలు, అన్నీ బల్ల మీద పెట్టి ఉంచాం. మీరు చూడాలనే పెట్టాం.