సర్వరునందు లినక్సు ప్రతిష్ఠ

మైపాడు తీరమున రొయ్యల చెరువుల లెక్కలు దాఁచు సర్వరొకదానియందు నేను డెబియన్ లినక్సును నెలకొల్పితిని. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ వెలువరించిన కెర్నలే దీనికి మూలము. స్థాపన సులభమే, భయమెల్ల డిస్కు నెన్నుకొను చోటనే. అందు రెండు డిస్కులుండెను: ఒకటి క్రొత్తది, రెండవదానిలో మూఁడేండ్ల మేఁత పద్దులు. యంత్రము మరల మేల్కొనునపుడు వాని పేర్లు తారుమాఱు కావచ్చును. కావునఁ బేరు నమ్మక, పైన నచ్చైన క్రమసంఖ్య చదివి, అంతటితోఁ దృప్తిపడక, యంత్రము నాఁపి ప్రాతదాని తీఁగనే యూడఁదీసితిని. చాదస్తమనుకొందురు గాక! యంత్రము తన దినచర్య వ్రాసికొను దస్త్రములు పెరిగి మూలవిభాగమును నింపకుండ వానికి వేఱు విభాగ మిచ్చితిని. కరెంటు కోఁతలకు వెఱచి యూపీఎస్ లేనిదే మొదలిడలేదు. తెల్లవాఱుసరికి లాగిన్ గుర్తు వెలిఁగెను. పిమ్మటఁ బ్రాత డిస్కును జదువుటకు మాత్రమే తగిలించితిని. పద్దులన్నియు నుండెను.