తొలగింపబడిన విద్యార్థి - మన కర్తవ్యము
(పఠనమందిర సభ్యుల సమక్షమున చేసిన ఉపన్యాసము)



బడినుండి తొలగింపబడిన బాలుని గూర్చి మనమందఱమును మాటాడుదుము. వానితో మాటాడువారు అరుదు. "వాడు చెడిపోయినాడు" అను తీర్పు వీధి యరుగుమీదనే వెలువడును. ఆ తీర్పునకు అప్పీలు లేదు. నేడు మేము విన్నవించునది యొక్కటే: అట్టి బాలునికి శిక్షకంటెను, హితబోధకంటెను నమ్మదగిన పెద్దవాని తోడు ముఖ్యము, ఆ తోడు దొరకదగిన తావులలో పఠనమందిర మొకటి.

మొదట చట్టము సంగతి. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. 6 మొదలు 14 సంవత్సరముల వయస్సుగల బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా నొసగినది. ఎనిమిదవ తరగతి ముగియువఱకు ఏ బిడ్డను బడినుండి వెడలగొట్టరాదని 16వ సెక్షను శాసించుచున్నది. 5, 8 తరగతులలో తప్పినవారిని నిలిపివేయుటకు 2019 సవరణ వీలు కల్పించినను, తొలగింపుపై నిషేధము చెక్కుచెదరలేదు. కాని తొమ్మిదవ తరగతిలో అడుగిడినవానికి ఈ రక్షణ లేదు. అటుపైన టీసీ చేతబెట్టి పంపుట సులభము. మఱొకవంక, 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము పదునాలుగేండ్లు నిండినవానిని ప్రమాదకరములు కాని పనులలో పెట్టుకొనుటకు అడ్డు చెప్పదు. బడి తలుపు మూతపడు వయస్సును, దుకాణపు తలుపు తెఱచుకొను వయస్సును ఒక్కటే! మనస్సు మిక్కిలి కలతచెందు వయస్సును అదియే.

ప్రధానోపాధ్యాయుని నిందించుట మా యుద్దేశము గాదు. గదినిండ పిల్లలను కూర్చుండబెట్టుకొని పాఠము చెప్పువానికి, బల్ల విఱుగగొట్టి తోటివానిపై చేయిచేసికొన్న బాలుడు తలకు మించిన భారమే. మిగిలిన పిల్లలకును క్షేమముగా చదువుకొను హక్కు గలదు. అయినను ఒక ప్రశ్న మిగిలియేయున్నది. ఆ బాలుడు ఏల కొట్టెను? ఇంట తండ్రి త్రాగుడా? తల్లి మరణమా? అప్పులవాని కేకలా? లేక, కూడబలుకుకొని చదువుటయు చేతగాక తొమ్మిదవ తరగతి వఱకు నెట్టబడి, ఆ సిగ్గును కప్పిపుచ్చుటకు వేసికొన్న పోకిరి వేషమా? టీసీ కాగితములో వీనిని వ్రాయుటకు గడి లేదు. అడిగి తెలిసికొను మనిషియే కావలెను.

ఇది క్రొత్త యూహ గాదు. 1904లో న్యూయార్కు బాలల న్యాయస్థానమున గుమాస్తాగానున్న ఎర్నెస్టు కూల్టరు, విచారణకు వచ్చుచున్న పిల్లలను జూచి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పెద్దమనిషిని జతపఱచు యత్నమునకు పూనుకొనెను. దానినుండి వెలసినదే అమెరికాలోని "బిగ్ బ్రదర్స్" ఉద్యమము. 10 మొదలు 16 ఏండ్ల వయస్సుగల 959 మందిని గూర్చి 1995లో ఒక పరిశీలన ప్రకటితమయ్యెను. తోడు లభించినవారిలో బడి ఎగ్గొట్టుటయు, మాదకద్రవ్యముల జోలికి పోవుటయు తక్కువయని అందు తేలెను. కాని 2002లో వెలువడిన మఱియొక పరిశీలన మనల హెచ్చరించుచున్నది. ఏడాదియో, అంతకు మించియో నిలిచిన తోడు మేలు చేసినది. మూడు నెలలలోపల తెగిపోయిన తోడువలన పిల్లల యాత్మగౌరవము మునుపటికంటె దిగజారినది. బడి విడిచినవానిని ఈ క్రొత్తవాడును విడిచినాడన్నమాట! కావున ఉత్సాహముతో చేయిచాచి, పిదప తీరిక లేదని ముడుచుకొనువారు ఈ పనికి దిగకుండుటయే మేలు.

మన చరిత్రయందును ఒక దృష్టాంతము గలదు. 1907లో, బిపినచంద్రపాలుని రాజమహేంద్రవర ప్రసంగముల పిమ్మట, వందేమాతరోద్యమమున పాల్గొన్నందులకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు అచటి ట్రెయినింగు కళాశాలనుండి తొలగింపబడిరి. ఆయన తరువాత గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును నాయకులైరి. ఆయన పెద్దవారు, దేశముకొఱకు వెలివడినవారు, వెలివడిననాడు దేశాభిమానుల గౌరవము ఆయనవెంట నుండెను. మన వీధి బాలుడు తగవులాడి వెలివడినవాడు; వానివెంట నెవరును లేరు. వెలివడుట యొక్కటియే మనిషిని పాడుచేయదు. వెలివడినపిదప ఒంటరి యగుటయే పాడుచేయును.

ఇక పని. వారమున కొక సాయంకాలము, తల్లిదండ్రుల యనుమతితో, పదుగురు మసలు ఈ హాలునందే బాలుని కలిసికొనవలెను. మూసిన గదిలో గాదు. 2012లో బాలలపై లైంగిక నేరముల నరికట్టు చట్టము చేయవలసివచ్చిన దేశములో ఈ జాగ్రత్త యెవరికిని అవమానము గాదు. బాలికకు స్త్రీయే తోడు కావలెను. తొలి వారములలో హితబోధ వలదు, వినుడు. పత్రికలు ఫైలు కుట్టుటయో, పుస్తకముల పట్టీ వ్రాయుటయో వానికప్పగింపుడు. నమ్మి యప్పగించిన పని వానికి గౌరవము. పిదప తల్లిదండ్రులతో గూడ బడికి పోయి, తిరిగి చేర్చుకొనుమని యడుగుడు. వీలుకానిచో, 1989లో నెలకొన్న జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదునాలుగేండ్లు నిండినవాడు పదవ తరగతి చదివి పరీక్ష వ్రాయవచ్చును. రెండు తెలుగు రాష్ట్రములకును స్వంత ఓపెన్ స్కూళ్లు గలవు. దరఖాస్తు గడువు, రుసుము, పుస్తకములు - వీనిని గుర్తుంచుకొనువాడు లేకనే ఎందఱో ఆగిపోవుదురు.

ఉపన్యాసమునకు చప్పట్లు మాకక్కఱలేదు. ఈ బల్లమీద నొక పుస్తకము నుంచుచున్నాము. ఏడాదిపాటు వారమున కొక సాయంకాలము నీయగలవారు మాత్రమే అందు పేరు వ్రాయుడు. పదుగురు అక్కఱలేదు. మాట నిలుపువారైనచో ఇరువురు చాలుదురు.